చట్టం ఏ బీరువాలో ఉంది?

కొన్ని నెలల క్రితం మాకొక ఉత్తరం వచ్చింది. రాసినవారు ఒక చిన్న పట్టణంలో ఉర్దూ ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దాయన. ఇంటి విషయం నలుగురిలో పెట్టడం ఇష్టం లేక కాబోలు, చాలా క్లుప్తంగా రాశారు. ఆయన కుమార్తెకు తలాక్ జరిగింది. మహర్ అందింది. ఇద్దత్ కాలానికని కొంత సొమ్ము ముట్టింది. ఇద్దరు పిల్లలు తల్లి దగ్గరే ఉన్నారు. “ఇద్దత్ దాటిన తరువాత ఒక్క పైసా రాదు, చట్టమే అలా ఉంది అని మధ్యవర్తులు తేల్చి చెప్పారు. చట్టం నిజంగా అలాగే ఉంటే మేము కాదనము. కాని ఆ చట్టం ఎక్కడ ఉంటుంది? మావంటి వారు వెళ్లి చదవవచ్చునా? చదివితే ఎవరైనా అభ్యంతరం చెబుతారా?”

ఆ చివరి ప్రశ్న మమ్మల్ని బాధించింది. జీవితమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి, తన బిడ్డ బ్రతుకును నిర్ణయించే నాలుగు వాక్యాలు చదవడానికి అనుమతి అడుగుతున్నారు! దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రం రాసుకోవడం గురించి, లేఖకుని గురించి, సాక్షుల గురించి చెబుతుంది. అటువంటి గ్రంథాన్ని రోజూ పారాయణం చేసే ఇళ్లలో నికాహ్‌నామా ఏ పెట్టెలో ఉందో తెలియకపోవడం, చట్టం మాట వస్తే ‘ఎవరో చెప్పారు’ అని సరిపెట్టుకోవడం మనం తరచు చూస్తున్నదే. ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి బదులు, మేము బస్సెక్కి ఆయన ఊరికి వెళ్లాము.

అందరి సొత్తు

ముందుగా ఆయన సందేహానికి సూటి సమాధానం: చదవవచ్చు. చదవడమే కాదు, నకలు తీసుకోవచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, గెజిట్‌లో వచ్చిన విషయాన్ని గాని, న్యాయస్థానం ఇచ్చిన తీర్పును గాని పునర్ముద్రించడం ఉల్లంఘన కాదని చెబుతుంది. ఫలానా తీర్పును ప్రచురించరాదని ఆ న్యాయస్థానమే నిషేధిస్తే తప్ప. 2007లో సుప్రీంకోర్టు ఒక ప్రచురణ సంస్థ వేసిన వ్యాజ్యంలో ఈ సంగతిని మరింత విడమరచింది. తీర్పు పాఠం ఎవరి సొంతమూ కాదు; ప్రచురణకర్తలు తమ నైపుణ్యంతో చేర్చిన సంపాదక భాగాల మీదనే వారికి హక్కు ఉంటుంది. జిరాక్సు దుకాణంలో తీర్పు ప్రతి తీయించుకుంటూ భయపడవలసిన పని లేదు.

మరి ఎక్కడ చదవాలి? అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఈ ప్రశ్న అంత కష్టమైనది కాదు. కాలిఫోర్నియాలో కౌంటీకొక న్యాయ గ్రంథాలయం ఉంటుంది. వకీళ్లతో పాటు సామాన్యులు కూడా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. సివిల్ దావా వేసేవారు చెల్లించే రుసుములో కొంత భాగం ఈ గ్రంథాలయాలకు వెళ్తుంది. లాస్ ఏంజెలెస్‌లోని న్యాయ గ్రంథాలయం 1891లో వెలసింది. అక్కడి గ్రంథపాలకులు పుస్తకం వెతికి చేతికిస్తారు, ఎలా చూడాలో చూపిస్తారు. ‘నీ కేసు గెలుస్తుందా’ అంటే మాత్రం నోరు విప్పరు.

అదే 1891లో మన హైదరాబాదులో కూడా ఒక గ్రంథాలయం పుట్టింది. కుతుబ్ ఖానా ఆసఫియా. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో మొదలై, 1936లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లోని రాజసం ఉట్టిపడే భవనంలోకి మారింది. ఇప్పుడు అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. దాని ముందు నుంచి బస్సులో వెళ్తూ అది ఏదో పాత కచేరీ అనుకునేవారు మనలో ఎంతమందో! పాత గెజిట్లు, పాత చట్టాల సంపుటాలు వెతుక్కునేవారు మొదట తట్టవలసిన తలుపు అదే. నిజాం కాలపు ఫర్మానాలు, ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు కావలసినవారికి తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారం ఉంది. వక్ఫ్ భూమి తగాదాలు ఉన్న కుటుంబాలు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

అయితే సామాన్యుల కోసమే ప్రత్యేకించిన న్యాయ గ్రంథాలయాలు మన దగ్గర దాదాపు లేవనే చెప్పాలి. హైకోర్టు గ్రంథాలయం న్యాయమూర్తులకు, న్యాయవాదులకు. బార్ అసోసియేషన్ గ్రంథాలయం సభ్యులకు. న్యాయ కళాశాలల్లో ప్రిన్సిపాలుగారిని అడిగి అనుమతి పొందవలసి ఉంటుంది. మర్యాదగా ఒక అర్జీ రాసి ఇస్తే కాదనేవారు తక్కువ. మిగిలినవి జిల్లా కేంద్ర గ్రంథాలయాలు, శాఖా గ్రంథాలయాలు. ఇవి 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద నడుస్తున్నాయి. మనం ఇంటి పన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాము. రసీదు తీసి చూడండి. అక్కడ అడిగి కూర్చోవడం ఎవరి దయా కాదు.

‘లోపు’ అనే ఒక్క మాట

పెద్దాయనతో కలిసి ఆ ఊరి గ్రంథాలయానికి వెళ్లాము. హాలు నిండా పోటీ పరీక్షలకు చదివే యువకులు. ‘చట్టాల పుస్తకాలు’ అనగానే గ్రంథపాలకుడు గ్రూప్ పరీక్షల గైడ్ల వైపు చూపించారు. వివరించి చెప్పిన తరువాత, వెనుక గదిలో ఒక ఇనుప బీరువా ఉందన్నారు. తాళం చెవి దొరకడానికి అరగంట పట్టింది. తెలుగులో భారత రాజ్యాంగం, రెవెన్యూ చట్టాల పుస్తకాలు కొన్ని, అట్టలూడిన శిక్షాస్మృతి, వాటి నడుమ ముస్లిం చట్టంపై ఒక పుస్తకం. ముద్రించిన సంవత్సరం 1987. మధ్యవర్తులు చెప్పిన మాట యథాతథంగా అందులో ఉంది: భర్త బాధ్యత ఇద్దత్ వరకే.

పెద్దాయన ముఖం వాడిపోయింది. “చూశారా బాబూ, వాళ్లు అబద్ధం చెప్పలేదు” అన్నారు.

వ్యాఖ్యానం అక్కడితో ఆపి, అదే పుస్తకం చివర అచ్చయిన చట్టం పాఠాన్ని చదవమని కోరాము. అది 1986 నాటి ముస్లిం మహిళల (విడాకులపై హక్కుల పరిరక్షణ) చట్టం. 1985లో షాబానో కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పుపై దేశమంతటా చెలరేగిన వాదోపవాదాల తరువాత పార్లమెంటు చేసినది. దాని 3వ సెక్షన్ ప్రకారం, విడాకులు పొందిన స్త్రీకి మాజీ భర్త సముచితమైన, న్యాయమైన ఏర్పాటును, భరణాన్ని ఇద్దత్ గడువు ‘లోపు’ చేయాలి, చెల్లించాలి. పెద్దాయన ఇంగ్లీషు వాక్యాన్ని వేలితో గీటుతూ రెండు సార్లు చదివారు. ఉపాధ్యాయుడు కదా, వ్యాకరణం ఆయనకు మేము చెప్పనక్కరలేకపోయింది. “ఇది ‘లోపు’ అంటోంది. ‘వరకు’ అనడం లేదు” అన్నారు నెమ్మదిగా.

నెలాఖరు లోపు అద్దె కట్టమంటే నెలాఖరు దాకా ఉన్న రోజులకే కట్టమని అర్థం కాదు. కట్టడానికి గడువు అది. దేని నిమిత్తం కడుతున్నామన్నది వేరే సంగతి. సరిగ్గా ఈ తేడా మీదనే 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు నిలిచింది. షాబానో తరఫున వాదించిన న్యాయవాది డానియల్ లతీఫీయే ఆ 1986 చట్టం రాజ్యాంగబద్ధతను ప్రశ్నించారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చట్టాన్ని కొట్టివేయలేదు. దానిని అర్థం చేసుకోవలసిన తీరును చెప్పింది. భర్త బాధ్యత ఇద్దత్ కాలానికి పరిమితం కాదు, ఆమె భవిష్యత్తుకు కావలసిన ఏర్పాటును ఇద్దత్ లోపున చేసి తీరాలి. 1987లో అచ్చయిన పుస్తకానికి 2001 తీర్పు ఎలా తెలుస్తుంది? ఆ ఊరి మధ్యవర్తులు అన్నేళ్లుగా ఆ పుస్తకం నాటి మాటనే చెబుతూ వచ్చారు. వారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. పుస్తకం తెరవగానే ముద్రణ సంవత్సరం చూడాలన్న సంగతి మనకెవరూ నేర్పలేదు.

పిల్లల సంగతి మధ్యవర్తుల్లో ఎవరూ ఎత్తనే లేదట! 1986 చట్టంలో పిల్లలకు రెండేళ్ల వయసు వరకు అన్న మాట ఒకటి ఉంది. దానిని పట్టుకుని ఆ తరువాత తండ్రికి బాధ్యత లేదని వాదించేవారు ఉన్నారు. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. బిడ్డల భరణం హక్కు వేరు, తల్లి హక్కు వేరు. తండ్రి బాధ్యత రెండేళ్లతో ముగియదు. పెద్దాయన మనవలలో చిన్నవాడికి అప్పటికి అయిదేళ్లు.

చేతిలోని గ్రంథాలయం

ఆ బీరువాలో 2001 తీర్పు లేదు. అదే హాలులో పరీక్షలకు చదువుకుంటున్న ఒక కుర్రవాడు తన ఫోనులో తీసి ఇచ్చాడు. కేంద్ర చట్టాలన్నీ ‘ఇండియా కోడ్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో సవరణలతో సహా ఉచితంగా దొరుకుతాయి. సుప్రీంకోర్టు అధికారిక తీర్పుల సంపుటాలను 2023 జనవరి నుంచి ‘ఇ-ఎస్‌సిఆర్’ పేరిట ప్రజలందరికీ ఉచితంగా తెరిచారు. హైకోర్టు తీర్పులకు ఇ-కోర్టుల తీర్పుల పోర్టల్ ఉంది. 2008లో మొదలైన ‘ఇండియన్ కానూన్’ ప్రైవేటుది. అయినా వెతకడానికి సులువైనది.

తెలుగులో ఉంటాయా అని అడిగేవారికి: కొన్ని ఉంటాయి. 1973 నాటి ఒక చట్టం ప్రకారం, కేంద్ర చట్టానికి రాష్ట్రపతి అధికారంతో ప్రాంతీయ భాషలో గెజిట్‌లో వెలువడిన అనువాదం ప్రామాణిక పాఠంగా చెల్లుతుంది. సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు మాత్రం అలాంటివి కావు. అవి కక్షిదారు తన భాషలో అర్థం చేసుకోవడానికే. అధికారిక ప్రయోజనాలకు ఇంగ్లీషు పాఠమే ప్రామాణికమని వాటి మీదనే రాసి ఉంటుంది.

తీర్పును వెతకడానికి దాని ‘చిరునామా’ చదవడం వస్తే చాలు. (2001) 7 ఎస్‌సిసి 740 అంటే 2001వ సంవత్సరపు సుప్రీంకోర్టు కేసెస్ ఏడవ సంపుటం, 740వ పుట. ఏఐఆర్ 1985 ఎస్‌సి 945 అంటే ఆలిండియా రిపోర్టర్, 1985, సుప్రీంకోర్టు విభాగం, 945వ పుట. మన రెండు రాష్ట్రాల హైకోర్టు తీర్పులకు ఏఎల్‌డి, ఏఎల్‌టి అన్న పొట్టి పేర్లు కనిపిస్తాయి. వకీలుగారు ‘సుప్రీంకోర్టు తీర్పు ఉంది’ అన్నప్పుడు వినయంగా ఆ అంకెలు అడిగి కాగితం మీద రాయించుకోండి. మంచి వకీలు సంతోషంగా రాసిస్తారు.

తీర్పు మొదట్లో చిన్న అక్షరాలలో ఉండే సారాంశం న్యాయమూర్తి రాసినది కాదు, సంపాదకులు రాసినది. చాలామంది అది చదివి పుస్తకం మూసేస్తారు. ఎంతమంది న్యాయమూర్తుల ధర్మాసనమో చూడాలి. అయిదుగురు చెప్పిన దానిని ఇద్దరు కాదనలేరు. న్యాయమూర్తి ప్రసంగవశాత్తు అన్న మాట వేరు, తీర్పుకు ఆధారమైన సూత్రం వేరు. 2024 జూలై 1 నుంచి సెక్షన్ల అంకెలే మారిపోయాయన్నది అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద ఉన్న భరణం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లో ఉంది. పాత పుస్తకం పట్టుకుని వెళ్లినవారు ఇక్కడే తికమక పడుతున్నారు.

రాష్ట్ర సవరణలను కూడా మరువరాదు. 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టంలో, వారసత్వం విషయంలో వ్యవసాయ భూమిని మినహాయించారు. మద్రాసు ప్రభుత్వం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. కేంద్ర చట్టం పాఠం ఒక్కటే చదివి ‘పొలంలో ఆడపిల్లకు వాటా లేదు’ అని ఎవరైనా అంటే, అడుగున ఉన్న రాష్ట్ర సవరణ చూపించమనాలి.

2024 జూలై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన మరొక తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లినదే. మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసు. కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం ఇప్పించగా, తెలంగాణ హైకోర్టు దానిని 10,000కు తగ్గించింది. 1986 చట్టం ఉండగా 125వ సెక్షన్ వర్తించదని భర్త అప్పీలు చేశారు. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్ ఆ అప్పీలును కొట్టివేస్తూ, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి రెండు మార్గాలూ తెరిచే ఉన్నాయన్నారు. ఈ తీర్పు షరీఅత్‌కు అనుగుణంగా లేదని ముస్లిం పర్సనల్ లా బోర్డు అదే నెలలో అభ్యంతరం తెలిపింది. అల్ బఖరా సూరా 241వ ఆయత్‌లోని ‘మతాఅ’ అనే పదానికి న్యాయస్థానాలు 1985 నుంచి చెబుతూ వచ్చిన అర్థాన్ని చాలామంది ఉలమాలు అంగీకరించరు. న్యాయస్థానం ఏమి ఇస్తుందన్నది గ్రంథాలయంలో తెలుస్తుంది. దేనిని తీసుకోవాలి, ధర్మం ఏమంటుంది అన్నది నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవలసినది. ఈ రెండు ప్రశ్నలను కలగాపులగం చేయవద్దని మా మనవి. పెద్దాయన రెండూ అడిగారు, విడివిడిగా.

తీర్పులు చదివినంత మాత్రాన ఎవరూ వకీలు కారు. పిటిషను రాయడం, గడువులు, సాక్ష్యం ఇవన్నీ వేరే విద్య. దానికి డబ్బు లేదని ఆగిపోవలసిన పని లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు నికాహ్‌నామా, తలాక్ పత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, మహర్ చెల్లింపు రసీదు, మీరు రాసుకున్న తీర్పుల అంకెలు ఒక కవరులో పెట్టుకుని వెళ్లండి. ఆ కవరు ఉన్నవారితో మాట తీరే వేరుగా ఉంటుందని మా అనుభవం.

పెద్దాయన కుమార్తె తరఫున, పిల్లల తరఫున న్యాయ సేవాధికార సంస్థ నియమించిన న్యాయవాది పిటిషను వేశారు. అది ఇంకా విచారణలోనే ఉంది. కేసుకు ఇచ్చిన పదహారు అక్షరాల సిఎన్ఆర్ సంఖ్యను ఇ-కోర్టుల యాప్‌లో కొట్టి, వాయిదా తేదీలను ఇప్పుడు ఆయనే చూసుకుంటున్నారు. పోయిన వారం ఫోనులో మరొక సంగతి చెప్పారు. గ్రంథపాలకుని అనుమతితో ఆ 1987 నాటి పుస్తకంలో, 3వ సెక్షన్ ఉన్న పుట దగ్గర ఒక చీటీ అతికించారట. తెలుగులోను, ఉర్దూలోను రాశారు: ‘దీని తరువాత 2001 తీర్పు కూడా చూడండి’. కింద సంపుటం సంఖ్య, పుట సంఖ్య వేశారు. బీరువా తాళం చెవి ఇప్పుడు గ్రంథపాలకుని బల్ల సొరుగులోనే ఉంటోందట.